పండుగ గోలీ, పాపపు గోలీ

జూన్ 23, సోమవారం

తొమ్మిదో రోజు. ఇయ్యాల గూడ నల్లచీరనే. అటెండరమ్మ అడుగనే అడిగింది — "రజితమ్మా, నీకు నలుపంటే గంత పాణమా?" పాణం లేదు, పాడు లేదు. నల్లదాని మీద మరక కనవడది, గంతే.

కుర్చీ మీద పాలిథిన్ కవరు, దాని మీద మడత పెట్టిన తువ్వాల, దాని మీద నేను. బడులు తెరిచిండ్రు గదా, కులం సర్టిఫికెట్లకు కిటికీ కాడ లైను ఒడువది. కంప్యూటర్ ముందటి నుంచి లేవాల్నంటె ముందు ఎనుకకు సూసుకోవాలె. తహసీల్ ఆఫీసుల అందరికి సర్టిఫికెట్లు తీసిస్త. నాకు మాత్రం ఒక్క పూట లీవు దొరుకది.

ఈ డైరీ ఎరువుల దుకాణపాయన మా ఆయనకు ఇచ్చింది. పేజీ పేజీకి కింద ఒక నీతి. ఇయ్యాల్టిది — "సకాలంలో మందు, పంటకు విందు." నవ్వొచ్చింది. ఇంట్ల పెడితే సదువుతరని హ్యాండ్ బ్యాగులనే పెట్టుకుంటాన.

జూన్ 24

పదో రోజు. మెట్లెక్కంగ కండ్లు తిరిగినయ్. ఎవలకు చెప్పలే.

జూన్ 26, గురువారం

సగం రోజు లీవు. మానుకోట దవాఖానకు పోయిన, ఒక్కదాన్నే. ఆయనకు పత్తి గింజలు పెట్టుడు ఉన్నదట.

లేడీ డాక్టర్ మంచామె. స్కానింగ్ తీసింది, వేలు గుచ్చి రక్తం సూసింది. ఏడున్నర. "ఇంత తక్కువతోని ఎట్ల తిరుగుతున్నవమ్మా?" ఎట్ల తిరుగుతం మేడం... తిరుగుతం. గర్భసంచి గోడ మందమైందట. గడ్డలు లేవట. రక్తం పట్టే గోలీలు రాసింది, ఇంకో షీటు రాసింది — "ఇవి గర్భనిరోధక గోలీలు. పేరు విని భయపడకు."

నేను నోరు తెరిచిన. "మేడం, నాకు పిల్లల ఆపరేషనై పన్నెండేండ్లాయె."

"పిల్లలు కాకుండ కాదు. రక్తం పోవుడు తగ్గుతందుకు. ఇందులో ఉన్నది హార్మోనే. మూడు నెలలు వాడి చూద్దాం." బీపీ సూసింది. తలనొప్పి వస్తదా, కండ్ల ముందట మెరుపులు వస్తయా, ఇంట్ల ఎవలకన్న కాళ్లల్ల రక్తం గడ్డలు కట్టినయా — అన్ని అడిగింది. మళ్ల నెలసరి మొదలైన రోజు నుంచే మింగుమన్నది. ఇరవై ఒక్క రోజులు మింగాలె, ఏడు రోజులు ఆపాలె. మూడు షీట్లు కొనుక్కొని వచ్చిన.

జూన్ 27

దొరికిపోయిన. బియ్యం డబ్బా ఎనుక పెడితే అత్తమ్మకు కనవడది అనుకున్న సూడు, నా తెలివి తెల్లారా.

అత్తమ్మకు సదువు రాదు. గని షీటు మీద దినాల లెక్క, బాణం గుర్తులు — గవి ఎరుకే. ఆశ వర్కర్ సంచిల సూసిందట. "గివి పిల్లలు కాకుండ మింగేటియి గదా? ఆపరేషనైన దానివి, నీకెందుకే గివి?"

రక్తం కోసమన్న. నమ్మలే. షీటును ముందట ఇసిరేసి పాపపు గోలీలన్నది. అటెనుక మెల్లగ — "ఎవలికి భయపడి మింగుతానవ్ పిల్లా?"

పద్నాలుగేండ్లాయె ఈ ఇంట్ల. ఎనిమిదైతే పొయ్యి కాడ, తొమ్మిదైతే ఆఫీసుల, ఆరైతే మళ్ల పొయ్యి కాడ. ఎవలికి భయపడాలె నేను? ఆ మాట ఇప్పటికీ చెవుల్ల గింగురుమంటాంది. ఆయన అక్కడ్నే ఉన్నడు. ఫోన్ల తల పెట్టి ఉన్నడు.

జూన్ 30

ఆయన తల ఎత్తిండు. ఎత్తకున్న బాగుండు.

ప్రకృతి వైద్యం గ్రూపులో ఉన్నడు ఆయన. గోలీ అంటే కెమికల్ అట. కెమికల్ అంటే కాన్సర్ అట. "ఆడోళ్ల ఒంట్లె నుంచి చెడు రక్తం పోవుడు ప్రకృతి. దాన్ని ఆపుతే లోపల కుళ్లుతది" అని ఎవలో గడ్డపాయన వీడియోల చెప్పిండు. ఆ గడ్డపాయనకు నెలసరి ఎన్నిసార్లు వచ్చిందో కనుక్కోవాలె.

రేపటి సంది పొద్దుగాల పరిగడుపున బూడిద గుమ్మడికాయ రసం. ఇంటి గుమ్మానికి దిష్టికి కట్టే కాయను నాతోని తాపిస్తాండు.

ఈ మనిషే పత్తికి ముచ్చటగ మూడు తీర్ల మందు కొడుతడు. మూతికి గుడ్డ గూడ కట్టుకోడు.

జూలై 3

గుమ్మడికాయ రసం. మీద అశోక బెరడు కషాయం. మీద అవిసె గింజల పొడి. కడుపు దుకాణమైంది.

నిజం రాస్త. భయం నాక్కూడ ఉన్నది. గోలీల డబ్బల సన్నటి కాయితం ఉంటది, నాలుగు మడతలు పెట్టి. ఆఫీసుల కూసోని అక్షరం అక్షరం సదివిన. రక్తం గడ్డలు, గుండె, కాలేయం... డాక్టరమ్మకు ఫోన్ చేసిన. "ఆ కాయితం చదివితే జ్వరం గోలీ కూడా మింగవు" అన్నది. కాలు వాచినా, దమ్ము వచ్చినా వెంటనే రమ్మన్నది. ఆకుకూరలు, బెల్లం తినుమన్నది, కషాయం తాగితే తాగు గని దాని మీదనే ఆశ పెట్టుకోకన్నది. తిట్టలే, నవ్వలే. ఇంట్ల ఒక్కలన్న గిట్ల మాట్లాడుతే బాగుండు.

జూలై 7, సోమవారం

నిన్న భూపాలపల్లి పోయొచ్చిన. అక్క బాత్రూంల జారి పడ్డది, తుంటి కాడ ఎముక ఇరిగింది. నలభై రెండేండ్ల మనిషి. నాకంటె ఆరేండ్లే పెద్ద. మంచం మీద పండుకుంటె మా అవ్వకే అక్కలెక్క ఉన్నది.

అక్కకు ఇరవై ఎనిమిదేండ్లకే సంచి తీసిండ్రు. తెల్లబట్ట అయితాందని పోతే తీసిండ్రు. బావ బొగ్గు బాయి డ్యూటీల ఉన్నడు, అత్త సంతకం పెట్టింది. "నన్ను ఎవలూ అడుగలే చెల్లె. పండు, తీస్తం అన్నరు. పండిన." అప్పటి సంది ఒళ్లంత మంటలు, ఎముకలు గుల్ల.

గోలీల ముచ్చట చెప్పిన. అక్క నా చెయ్యి పట్టుకున్నది. "మింగు. పాపమో పుణ్యమో, మింగు. సంచి మాత్రం ఇయ్యకు."

హన్మకొండల బస్సు మారంగ ఏడుపొచ్చింది. కిటికీ దిక్కు తిరిగి ఏడ్సిన.

జూలై 9

కొడకండ్ల నుంచి, మా తల్లిగారింటి నుంచి, అవ్వ ఫోన్. అత్తమ్మ చెప్పిందట గోలీల ముచ్చట. "దేవుడిచ్చింది ఆపరాదు బిడ్డా, ఎల్లమ్మకు మొక్కుకో." మొక్కుకుంట అవ్వా, మొక్కుకుంట. ఎల్లమ్మకు నా మీద కోపం లేదు. కోపమంత మీకే ఉన్నది.

జూలై 17, గురువారం

పొద్దుగాల మొదలైంది. పదకొండు వరకు రెండుసార్లు బట్ట మార్చిన. పన్నెండింటికి కిటికీ కాడ ఒక పిలగాని ఆదాయం సర్టిఫికెట్ టైపు చేస్తాన, స్క్రీను తెల్లగైంది. కండ్లు తెరిచేవరకు నేల మీద ఉన్న. అటెండరమ్మ మొఖం మీద నీళ్లు కొడుతాంది. పాలిథిన్ కవరు, తువ్వాల, అందరు సూసిండ్రు. తహసీల్దార్ సారు తన కుర్చీ తెచ్చి ఏసిండు. సిగ్గుకు సచ్చిన.

పదిహేడు రోజుల గుమ్మడికాయ. పదిహేడు రోజుల కషాయం. ఆయన ఆఫీసుకు వచ్చి బండి మీద తీసుకపోయిండు. తొవ్వల అన్నడు — "రసం ఒక్క పూట తప్పినట్టున్నవ్."

బండి మీద నుంచి దుంకుదామనిపించింది.

జూలై 18

మింగిన. మొదటిది. డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగి, ఆఫీసు బాటిల్ నీళ్లతోని మింగిన. పిడుగు పడలే.

జూలై 22

ఐదో గోలీ. వికారం ఉన్నది జర. గని నిన్నటి సంది ఒక్క బట్టనే. ఒక్కటి! పసుపుపచ్చ చీర కట్టుకొచ్చిన. అటెండరమ్మ — "ఏందమ్మా, ఇంట్ల పెండ్లా?"

జూలై 24, గురువారం

ఇంట్ల తెలిసింది. పసుపుపచ్చ చీరే పట్టిచ్చింది. నాలుగు రోజులకే తగ్గితే ఎవలకు అనుమానం రాదు?

ఆరెంపీని పిలిపిచ్చిండ్రు. ఊర్ల సూదులేసే డాక్టరాయన. అరుగు మీద ముగ్గురు కూసున్నరు — అత్తమ్మ, ఆయన, ఆరెంపీ. నేను చాయ్ తెచ్చిన. నా ముచ్చట నా ముందట్నే, నేను లేనట్టు.

ఆరెంపీ అత్తమ్మతోని — "గోలీలు వేడి చేస్తయి వదినా. దినాం మింగుడు ఏం ఖర్మ? పిల్లలు పుట్టిండ్రు, ఆపరేషనైంది, ఇంక సంచి ఏం పనికొస్తది? తీసేస్తే పీడ పోతది. నేను మాట్లాడుత దవాఖానల."

గోలీ కెమికల్ అన్న మా ఆయన తల ఊపుతాండు. దేవుడిచ్చింది ఆపరాదని మా అవ్వతోని చెప్పిచ్చిన అత్తమ్మ తల ఊపుతాంది. ఆపరాదు గని కోసి పారేయొచ్చునట! ఇదేం ప్రకృతి, ఇదేం భక్తి?

ట్రే కింద పెట్టిన. "నా సంచి. నన్నడుగుర్రి జర."

ఆరెంపీ చాయ్ తాగుడు ఆపిండు. అత్తమ్మ — "ఇంట్ల ఆడిదానికి నాదేంది, నీదేంది?"

ఆగస్టు 18 సోమవారం పొమ్మని తారీఖు పెట్టిండ్రు. పోచమ్మ బోనాలైనంక. నేను పోనన్న. ఇన్నట్టే లేరు.

జూలై 31

డప్పు సాటింపు అయింది. ఆగస్టు పది, ఆదివారం బోనాలు.

మామ పోయినంక అత్తమ్మ బోనం ఎత్తుతలేదు. నేనే ఎత్తాలె. పొద్దుగాల సంది ఆమె ఏళ్లు మడుస్తాంది. "నీకు ఎప్పుడొస్తది పిల్లా?" గోలీలు ఏడో తారీఖుకు ఒడుస్తయి, ఆపినంక రెండు మూడు రోజులకు వస్తది. అంటే సరిగ పదో తారీఖే. ఆమె మొఖం మాడిపోయింది.

నాకు బుద్ధి లేదు. నోరు ఊకోదు. "డాక్టరమ్మను అడిగిన. ఆపకుండ రెండో షీటు మొదలువెడితే రాదట."

అత్తమ్మ కండ్లు! దీపం ముట్టిచ్చినట్టు. "అయితే ఆపకు. మింగు. మా తల్లే, ఒక్కటి గూడ తప్పకు!"

ఓ అవ్వో. పదకొండేండ్ల సంది ప్రతి పండుగకు, ముట్టు రావొద్దని, ఈమెనే ఆరెంపీ కాడ గోలీలు తెచ్చి చేతిల పెడుతది. పండుగ గోలీలు అంటది వాటిని. అవి గూడ హార్మోనేనట, డాక్టరమ్మను అడిగి తెలుసుకున్న. దేవి కోసం మింగితే పుణ్యం. నా పాణం కోసం మింగితే పాపం. పోచమ్మా, నువ్వే సూడు ఈ ఇచ్చంత్రం.

ఆగస్టు 5

అత్తమ్మ అలారం అయింది. పొద్దుగాల చాయ్ కన్న ముందు — "గోలీ మింగినవా?" తలుపు కాడ చెప్పులేసుకుంటాంటె — "గోలీ మింగినవా?" ఈమెకు గోలీల డబ్బ ఎక్కడుందో నాకన్న ఎక్కువ ఎరుక. ఆయన గ్రూపుల ఇంకా గుమ్మడికాయనే నడుస్తాంది, గని తల్లి ముందట నోరు లేస్తలేదు. పండుగ అయ్యేదాక నాకు రాజ్యం.

ఆగస్టు 8, శుక్రవారం

రెండో షీటు తీసిన. మూడు గూళ్లు ఖాళీ! నేను ఇంకా ఒక్కటి గూడ ముట్టలే దాంట్ల.

ఎవలు తీస్తరు? పిల్లలిద్దరు గురుకులంల. ఇంట్ల ఉన్నది ముగ్గురం. ఆయన్నే పట్టుకున్న — "పారేసినవ్ గదా? నీ గడ్డపాయన చెప్పిండా?" లేదన్నడు. తల్లి మీద ఒట్టేసిండు. నేను నమ్మలే. బొచ్చెడు మాటలన్న. అత్తమ్మ కూరగాయలు కోస్తాంది, తల ఎత్తలే. మామూలుగనైతే కొడుకును ఒక్క మాటంటె మీదికి దుంకుతది.

మూడు నెలల లెక్క తక్కువ పడొద్దని మెడికల్ షాపుకు పోయి ఇంకో షీటు తెచ్చిన. పిలగాడు గట్టిగ అడిగిండు — "ఆపరేషన్ కాలేదా అక్కా?" ఎనుక ముగ్గురు నిలవడి ఉన్నరు. ఊరికొక మైకు పెట్టరాదా!

ఆగస్టు 11, సోమవారం

నిన్న బోనాలు. ఎత్తిన. పచ్చటి చీర, నెత్తి మీద కుండ, యాపకొమ్మలు, పైన దీపం. డప్పులు ముందట. నడువంగ ఒక్క భయం లేదు, ఎనుకకు తిరిగి సూసుకునుడు లేదు. ఎన్నేండ్లాయె గిట్ల నడిచి. కొసాకు సంతోషంగనే ఉన్నది, అబద్ధమెందుకు.

ఒక్కటే సమజ్ గాలే. బోనం వండుడు ఎప్పుడూ అత్తమ్మదే. కుండకు సున్నం, పసుపు ఆమె చెయ్యి పడాల్సిందే. నన్ను ముట్టనియ్యకపోవు. నిన్న ఏంది — "నువ్వే చెయ్యి పిల్లా, నాకు మోకాళ్లు నొస్తానయ్." పొయ్యి రూంలకు రాలే. గుడి కాడ గూడ గడప అవుతలే నిలవడ్డది. దండం దూరం నుంచే పెట్టింది. అత్తమ్మ నా మీద అలిగిందా అనుకున్న. కొడుకును అన్నందుకేమో.

ఆగస్టు 13

మళ్ల మూడు తక్కువున్నయ్. ఇంకో షీట్ల. ఆయన నిన్నటి సంది తొర్రూరుల ఉన్నడు.

అంటే ఆయన గాదు.

ఆగస్టు 14, గురువారం

ఇయ్యాల్టిది మొత్తం రాస్త.

రేపటి జెండా పండుగకు లిస్టు ఇంట్ల మరిచిపోయిన. పన్నెండింటికి ఇంటికొచ్చిన. అత్తమ్మ పెరట్ల బండ మీద బట్ట ఉతుకుతాంది. నన్ను సూసి బట్టను ఒళ్లె దాసుకున్నది. అరువై ఒక్క ఏండ్ల మనిషి, దొంగ లెక్క. బండ మీద నీళ్లు ఎర్రగ ఉన్నయ్.

"అత్తమ్మా, గిదేంది?"

"ఏం లేదు పో."

"ఎన్ని దినాల సంది?"

బట్టను ఇంకింత ఒళ్లెకు గుంజుకున్నది. అటెనుక, "ఉగాది సంది. అప్పుడింత, అప్పుడింత."

ఆమెకు ముట్టు ఆగి పదమూడేండ్లాయె. ఉగాది అంటే ఐదు నెలలు. ఐదు నెలలు పాత చీరలు చింపుకుంట, ఉతుక్కుంట, ఎవలకు చెప్పకుంట. అందుకే కుండ ముట్టలే. అందుకే గడప తొక్కలే.

"నీకు ఆగింది గదా ఆ గోలీతోని... నాక్కూడ ఆగుతదేమో అనుకున్న. ఆరు మింగిన."

కోపం ఎక్కడ్నుంచి వచ్చిందో. "పాపపు గోలీ అంటివి గదా! ఎవలికి భయపడి మింగుతానవ్ అంటివి గదా! నీకైతే మందు, నాకైతే పాపమా?" ఒర్రిన. పక్కింటోళ్లకు ఇనవడే తట్టు ఒర్రిన.

ఆమె ఏడుస్తలేదు. తడి బట్ట పిండుతాంది, పిండుతనే ఉన్నది. "ఎవలకు చెప్పాలె చెప్పు. కొడుక్కు చెప్పాలెనా? ముసలిదానికి గిదేం రోగం అని నవ్వరా?"

నేను పక్కకు కూసున్న.

డాక్టరమ్మకు ఫోన్ కొట్టిన. ఆరు గోలీల ముచ్చట గూడ చెప్పిన. ఆమె గొంతు మారింది. "ముట్టు ఆగినంక ఒక్క చుక్క కనపడ్డా రావాలె. ఆ గోలీలు ముట్టనియ్యకు. వెంటనే తీసుకురా." ఇయ్యాల్నే పోదామంటె అత్తమ్మ మొండికేసింది. సోమవారం వస్త, పండుగపూట దవాఖాన తొక్క అన్నది.

ఆగస్టు 18, సోమవారం

ఇయ్యాల నా సంచి తీసే రోజు. ఆరెంపీ పొద్దుగాల ఫోన్ చేసిండు. ఆయన ఎత్తి, "మా అమ్మను తీసుకోని మానుకోట పోతానం" అని పెట్టేసిండు. నిన్న నేనే చెప్పిన ఆయనకు. కషాయం పేరెత్తలే. నేను పాపం ఉత్తగనే ఒట్టేయించిన మనిషిని. మాఫీ అడుగలే, రేపు అడుగుత.

లోపలికి నేను, అత్తమ్మ పోయినం. స్కానింగ్. సంచి లోపల్నుంచి చిన్న ముక్క తీసిండ్రు పరీక్షకు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకున్నది, గోర్లు దిగినయ్. వారం రోజులైతదట రిపోర్టు. "ఏమీ ఉండకపోవచ్చు. ఉంటే మాత్రం సంచి తీయాల్సి వస్తది" అన్నది డాక్టరమ్మ. మెల్లగనే అన్నది.

బస్సుల అత్తమ్మ కిటికీ కాడ కూసున్నది. నెల్లికుదురు దగ్గరికొస్తాంటె అడిగింది —

"తీసినంక, లోపల ఏముంటది పిల్లా, ఆడ?"

నాకు తెల్వది. అక్కను అడుగాలె.

ఆగస్టు 19

"గోలీ మింగినవా?" — పొద్దుగాల అడిగింది. పండుగ అయిపోయి తొమ్మిది రోజులు. అయినా అడిగింది.

ఆగస్టు 25, సోమవారం

రిపోర్టు వచ్చిందట, దవాఖాన నుంచి ఫోన్. ఏముందో ఫోన్ల చెప్పరు. రేపు రమ్మన్నరు.

అన్నం కాడ ఆయన నన్నడిగిండు. "ఒకవేళ తీయాలె అంటే ఏం జేద్దామే? ఆరెంపీని అడుగుదామా? మేనమామను పిలుద్దామా?"

నేను నోరు తెరువకముందే అత్తమ్మ పల్లెం పక్కకు జరిపింది.

"నన్నడుగురా. నాది గదా."

ఆయన ఫోన్ పక్కకు పెట్టి ఆమె దిక్కు తిరిగిండు.